ముందుముద్ద

మూడు రోజుల ముసురు శుక్రవారం సాయంత్రానికి తెరిపిచ్చింది. వంటింటి వెనక తలుపు మాత్రం ఇంకా ఉబ్బే ఉంది. మామగారు సామిల్లులో మేస్త్రీగా ఉన్న రోజుల్లో స్వయంగా ఏరి తెచ్చిన చెక్కతో చేయించిన తలుపది. అందుకని దాన్ని ఎవరూ ఒక్క మాట అనడానికి వీల్లేదు. వాన పడ్డప్పుడల్లా పెద్దకోడలు దాన్ని భుజంతో తోసి తెరిచేది, రెండు చేతులతో లాగి మూసేది. ఆ భుజం మీద జాకెట్టు మిగతాచోట్ల కంటే ముందు అరిగిపోయేది.

"రేపు పొద్దున్నే వెళ్ళాలి," అన్నాడు మామగారు. అన్నది ఆకాశం వంక చూసి కాదు, ఆ తలుపు వంక చూసి. "తలుపు ఇంతగా బిగిసిందంటే మానులన్నీ బాగా నానినట్టే. పలకలు లేచి ఉంటాయి."

పలకలంటే ఆ ఇంట్లో పుట్టగొడుగులు. కాడ మీద గొడుగులా నిలబడేవి కావు. చచ్చిన మానుకో, నరికి వదిలేసిన మొద్దుకో పక్కనుంచి పుట్టుకొచ్చి, గోడ అలమరలో అరల్లాగా ఒకదాని మీద ఒకటి పరుచుకునేవి. సామిల్లు నుంచి రిటైరయి పదేళ్ళయినా, వాన వెలిస్తే మామగారి కాళ్ళు ఊరి చివర తోపు వైపే లాగేవి.

"రక్తం శుభ్రపడుతుంది. కీళ్ళు పట్టవు. జలుబు దరిదాపులకి రాదు," అని చిన్నకోడలికి చెబుతున్నాడు. "మా పెద్దమ్మాయిని చూడు. ఈ ఇంటికొచ్చి పదహారేళ్ళు. ఒక్క రోజు మంచం పట్టిందేమో అడుగు."

చిన్నకోడలు కాపురానికొచ్చి పద్దెనిమిది రోజులు. పెళ్ళికి ముందు మందుల షాపులో పనిచేసింది. అందుకే కాబోలు, దేన్నైనా చూస్తే ముందు వెనక్కి తిప్పి ఏం రాసుందో చదివే అలవాటు.

"వీటి మీద పరిశోధనలు చేస్తున్నారట మామయ్యగారూ. మా షాపుకి పొడి డబ్బాలు కూడా వచ్చేవి. ఇంకా గట్టిగా ఏదీ తేలలేదని మాత్రం ఆ డబ్బా మీదే ఉండేది, చిన్న అక్షరాల్లో."

"తేల్చడానికి వాళ్ళెవరమ్మా? తేలిపోయి ఇదిగో, గ్లాసులు తీస్తోంది," అని ఆయన పెద్దకోడల్ని చూపించాడు. అందరూ నవ్వారు. పెద్దకోడలు కూడా నవ్వింది. ఆ మాట దగ్గర నవ్వడం ఆమెకి అలవాటే.

"ఆదివారం మీ నాన్నగారు వస్తున్నారుగా. మోకాళ్ళు పట్టేశాయన్నాడు పెళ్ళిలో. పలకల కూర పెడితే తిరుగు బస్సు వెనకాల పరిగెత్తుకుంటూ వెళ్తాడు చూడు."

"అయితే ముందుముద్ద రేపే పడాలి," అంది అత్తగారు, చొక్కాకి బొత్తాం కుడుతూ, తలెత్తకుండా.

"ముందుముద్ద అంటే ఏంటి అత్తయ్యా?"

అత్తగారు దారం పళ్ళతో తెంపింది. జవాబు మామగారే చెప్పాడు. "కొన్ని చెట్ల మీద లేచినవి ఒంటికి పడవు. అందుకని కొత్త మాను నుంచి తెచ్చినప్పుడల్లా, వండినావిడ ముందురోజు ఒక ముద్ద తింటుంది. మర్నాడు పొద్దున నేను మూడు ప్రశ్నలు వేస్తాను. నాలుక ఎలా ఉంది, పెదాలు ఎలా ఉన్నాయి, కడుపు ఎలా ఉంది. మూడూ బాగుంటే ఇంటిల్లిపాదీ తింటాం. మా అమ్మ తిన్నది, మీ అత్తయ్య తిన్నది, తర్వాత పెద్దమ్మాయి. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదంటే, అదీ పద్ధతంటే."

మరి ఆ తిన్నావిడకి ఏమైనా అయితే? ఆ ప్రశ్న కోసం పెద్దకోడలు గ్లాసులు పట్టుకుని ఒక్క క్షణం ఎక్కువ నిలబడింది. ఆ పిల్ల అడగలేదు. కొత్తకోడలు. తలూపింది.

"ఈసారి చిన్నమ్మాయి వండుతుంది," అన్నాడు మామగారు. "పెద్దదాని దగ్గర నేర్చుకుంటుంది. ఇంట్లో కలిసిపోయినట్టూ ఉంటుంది."

పెద్దకోడలికి ముందుగా కలిగింది తేలిక. నెత్తి మీద నీళ్ళబిందె ఎవరో అందుకుని దింపినట్టు, మెడ నిటారుగా లేచింది. అది సిగ్గుపడవలసిన తేలికని తెలిసేసరికి గ్లాసులన్నీ కడిగి బోర్లించడం కూడా అయిపోయింది.

శనివారం ఎనిమిదింటికల్లా ఆయన సంచీ నిండా తెచ్చాడు. వంటగట్టు మీద పరిచిన పాత పేపరు మీద కుమ్మరించాడు. పైన పసుపూ నారింజా కలిసిన రంగు, అంచుల దగ్గర లేత పసుపు. తడిసిన రంపపు పొట్టు వాసన. ఒక్కోటి అరచేతికి రెండింతలుంది.

"కొత్త మానేనా?" అంది అత్తగారు.

"తోపు అవతల. గాలివానకి పడ్డదేదో. బెరడు ఊడిపోయింది."

"బెరడు లేకుండా ఏం చెట్టో ఎలా తెలిసింది?"

"నలభై ఏళ్ళు కోశాను. బెరడు చూసి చెట్టు పోల్చుకునే స్థితిలో ఉన్నానా నేను?" అంటూ ఆయన కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

పెద్దకోడలు పీట వేసి చిన్నకోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది. ఒక పలక తిరగేసి చూపించింది. "ఇదిగో, అడుగున చూడు. మామూలు వాటికి మడతలుంటాయి కదా, పుస్తకం పేజీల్లా. వీటికి ఉండవు. సూదితో పొడిచినట్టు చిల్లులే."

చిన్నకోడలు కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "జల్లెడలా ఉంది."

"నీళ్ళలో వెయ్యకూడదు, పీల్చేస్తుంది. తడిగుడ్డతో తుడవడమే. ఇప్పుడు అంచు నొక్కు. చెవి తమ్మెలా ఉందా? అంతవరకే కూరకి. లోపలికి పోయేకొద్దీ సీసా బిరడా అయిపోతుంది. కత్తి ఆగిందంటే నువ్వూ ఆగిపోవాలి."

"ఆ బిరడాలేం చేస్తారక్కా?"

"పల్చగా కోసి ఎండబెడతారు. కషాయం. ఎదురింటి టైలరు తీసుకెళ్తాడు. మోకాళ్ళకి మంచిదని ఆయన నమ్మకం. మరీ చేదుగా ఉంటే ఇంకా మంచిదని ఇంకా గట్టి నమ్మకం."

చిన్నకోడలు కిసుక్కున నవ్వింది. ఆమె చేతులు చురుకైనవి. రెండో పలకకే కత్తి ఎక్కడ ఆగుతుందో తెలుసుకుంది. తుడిచి, రెండు వేళ్ళ వెడల్పున అంచు కోసి, పీచు వెంట చీల్చి పళ్ళెంలో పెట్టింది. చీలిన ముక్కలు ఉడికిన కోడిమాంసం పోగుల్లా ఉన్నాయి. చూస్తుండగానే పెద్దకోడలికి పని లేకుండా పోయింది. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చోవడం ఆ వంటింట్లో ఆమెకి కొత్త.

"ఉప్పునీళ్ళలో ఇరవై నిమిషాలు ఉడకనివ్వు. ఆ నీళ్ళు పారబొయ్యి, కూరలో వాడద్దు. తర్వాత ఉల్లిపాయ, వెల్లుల్లి, మిరియాలు. బాగా ఉడకాలి, అది మాత్రం మర్చిపోకు. పచ్చిదనం ఉండకూడదు."

"పచ్చిగా ఉంటే ఏమవుతుంది?"

"కడుపులో పడదు."

నీళ్ళు మరిగాయి. ముక్కలు వేస్తే నారింజ రంగు కొంచెం కొంచెంగా నీళ్ళలోకి దిగింది. చిన్నకోడలు గరిటెతో అదుముతూ, ఏదో గుర్తొచ్చినదానిలా అంది: "ఒక సంగతక్కా. మా షాపులో అయితే, ఒకరికి పడిన మందు ఇంకొకరికి పడుతుందని చెప్పడానికి లేదు. ఒకే బిళ్ళ ఒకావిడకి జ్వరం తగ్గిస్తే ఇంకొకావిడకి ఒళ్ళంతా దద్దుర్లు. మరి ఒక్కళ్ళు తిని చూస్తే మిగతా వాళ్ళ సంగతి ఎలా తెలుస్తుంది?"

పెద్దకోడలు స్టవ్ మంట తగ్గించింది. తగ్గించవలసిన అవసరమేమీ లేదు. పదహారేళ్ళలో ఈ ప్రశ్న తనకి తట్టలేదు.

"ఇది మామయ్యగారిని అడగకపోయావా?"

"అమ్మో. ఏమన్నా అనుకుంటారు." ముక్కలు కలియబెడుతూ, "అయినా నువ్వు పదహారేళ్ళు తిన్నావుగా అక్కా. నీకేం కాలేదుగా. నాకెందుకు భయం?" అంది.

పెద్దకోడలు కిటికీ ఊచల్లోంచి పెరట్లోకి చూసింది. తీగ మీద ఆరేసిన తువ్వాళ్ళు కదలడం లేదు. నాకేం కాలేదు అని ఎన్నిసార్లు చెప్పిందో అన్నిసార్లూ ఆ మాట ఇటుక మీద ఇటుకలా పేర్చుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ గోడకి ఈ పిల్ల వీపు ఆనించి, చల్లగా ఉందని కూర్చుంది.

అత్తగారు ఉప్పు డబ్బా కోసం వస్తే, పెద్దకోడలు మామూలు మాటలా అంది: "అత్తయ్యా, ఈసారికి ముద్ద నేనే తింటాలెండి. దానికి అలవాటు లేదు."

"పదహారేళ్ళయినా వంటింటి పెత్తనం వదలబుద్ధి కావడం లేదా నీకు?" అత్తగారి గొంతులో కోపం లేదు, నవ్వే ఉంది. "చిన్నదాన్ని రానియ్యి. నాకూ ఇలాగే వదలబుద్ధి కాలేదు నువ్వొచ్చినప్పుడు."

ఆ చివరి మాట అంటూ ఆమె పెద్దకోడలి ముఖం వంక చూడలేదు. ఉప్పు డబ్బా తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనాలకి అందరూ టేబుల్ చుట్టూ చేరారు. పెద్దకోడలి భర్త ఫోను చూసుకుంటున్నాడు. మరిది తన పెళ్ళాం వంటని ముందే మెచ్చుకోవడం మొదలుపెట్టాడు. "వాసనకే సగం రోగాలు పారిపోయాయి నాన్నా."

"మిగతా సగం రేపు మీ మామగారితో పోతాయి," అన్నాడు మామగారు. పిల్లాడిలా హుషారుగా ఉన్నాడు. మధ్యవేలు మొదటి కణుపు దాకా తెగిపోయిన కుడిచెయ్యి టేబుల్ మీద తాళం వేస్తోంది.

మిగతా వాళ్ళ పళ్ళేల్లో మామూలు కూర. చిన్నకోడలి పళ్ళెంలో ఒక పక్కన పలకల కూర, చిన్న గరిటెడు. ముక్కలు మిరియాలతో నిగనిగలాడుతున్నాయి. ఆమె అన్నం కలిపి ముద్ద చేసింది. అందరూ తననే చూస్తుంటే సిగ్గుపడి, కొంచెం నవ్వి, నోటిదాకా ఎత్తింది.

"ఆగు," అంది పెద్దకోడలు.

గొంతు గట్టిగా ఏమీ రాలేదు. అయినా ముద్ద ఆగింది.

"నాకు పడలేదు."

"నువ్వింకా తినందే ఎలా పడదు?" అన్నాడు మరిది.

"ఇవాళ కాదు." ఆమె మామగారి వైపు తిరిగింది. "మూడో ఏడు వానల్లో. తిన్న గంటకి పెదాలు మొద్దుబారాయి. తెల్లారేసరికి పొక్కి పగిలాయి. మీకు కనబడకుండా నూనె రాసుకుని మీ ముందుకొచ్చాను. తొమ్మిదో ఏడు వాంతులు. బాత్రూంలో కుళాయి తిప్పుకుని చేసుకున్నాను, చప్పుడు వినబడకుండా."

తాళం ఆగిపోయింది.

"నేనడిగాను," అన్నాడు మామగారు మెల్లిగా. "మూడూ అడిగాను. ఏం లేదన్నావు."

"అన్నాను."

"అబద్ధమా?"

"మొదటేడు నిజమే చెప్పాను మామయ్యగారూ. నోరు దురదగా ఉందన్నాను. మీరు సంచీ మొత్తం కాలవలో పారబోసొచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. ఏం లేదంటే అందరూ సుఖంగా ఉంటారని అప్పుడు తెలిసింది."

భర్త ఫోను బోర్లించాడు. "అంటే నీకు పడలేదని తెలిసీ మర్నాడు మా అందరికీ వడ్డించావా?"

"వడ్డించాను."

ఆమె టేబుల్ అంచు పట్టుకుని నిలబడింది.

"నాకు మూడుసార్లు," అంది అత్తగారు.

అందరి తలలూ అటు తిరిగాయి. ఆమె గరిటె మీద లేని మరక కొంగుతో తుడుస్తోంది. "ఒకసారి వీడు కడుపులో ఉన్నాడు," అని పెద్దకొడుకు వైపు గరిటె చూపించింది. "వేవిళ్ళన్నాను. నమ్మారు."

మామగారు భార్యని చూశాడు. పైకి గట్టిగా కనబడి, రంపం సగం దిగాక లోపల డొల్లగా తేలిన దుంగని చూసినట్టు చూశాడు. తర్వాత చెయ్యి చాచి చిన్నకోడలి పళ్ళెం తనవైపు లాక్కున్నాడు.

"నాన్నా, వదిలెయ్యండి," అన్నాడు పెద్దకొడుకు.

"నలభై ఏళ్ళు మానుల మధ్య బతికాను. ఏది మంచిదో ఏది చెడ్డదో ఆడవాళ్ళ నోళ్ళు చెప్పాలా నాకు?" ఆయన ఆ ముద్ద తిన్నాడు. ఇంకో రెండు ముద్దలు కలుపుకుని అవీ తిన్నాడు. పళ్ళెం వేలితో తుడిచాడు. "రేపు వియ్యంకుడికి ఇదే కూర. ఇందులో మార్పు లేదు."

మిగిలిన కూర గిన్నెలో పెట్టి, మూత పెట్టి, ఫ్రిజ్‌లో పెట్టారు. సాయంత్రమంతా ఆయన హాల్లో టీవీ ముందు కూర్చున్నాడు. అటుగా వెళ్ళినవాళ్ళందరూ ఆయన్ని చూడనట్టు చూశారు. ఆయన దగ్గితే వంటింట్లో గరిటెలు ఆగాయి. "దగ్గితే కూడా తప్పేనా?" అని ఒకసారి అరిచాడు.

భర్త పెద్దకోడల్ని అడక్కుండా మంచినీళ్ళు తనే తెచ్చుకుని తాగాడు.

ఆదివారం పొద్దున్నే పెద్దకోడలు టీ పెడుతోంది. బాత్రూంలో కుళాయి మోగుతోంది. పాలు పొంగాయి, టీ రంగు తేలింది, వడకట్టడం అయింది. కుళాయి ఇంకా మోగుతూనే ఉంది.

"మామయ్యగారు ఇంకా స్నానం చేస్తున్నారా?" అంది చిన్నకోడలు. "నీళ్ళన్నీ అయిపోతాయి. మా నాన్నావాళ్ళు పదకొండుకల్లా వస్తారు."

పెద్దకోడలు చెవి అటే పెట్టింది. నీళ్ళు బకెట్లో పడితే ఒక చప్పుడు, గచ్చు మీద పడితే ఇంకో చప్పుడు. ఇవి గచ్చు మీద పడుతున్నాయి.

ఆయన తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి హాల్లో తన కుర్చీలో కూర్చున్నాడు. పెద్దకోడలు టీ గ్లాసు ఆయన పక్కన స్టూలు మీద పెట్టింది. పెట్టి వెళ్ళిపోలేదు. ముద్ద తిన్న మర్నాడల్లా ఆయన కుర్చీలో, తను ఎదుట. ఇప్పుడూ అంతే. అడగవలసింది మాత్రం తను.

"నాలుక ఎలా ఉంది మామయ్యగారూ?"

ఆయన ఆమె వంక చూడలేదు. "బాగుంది."

"పెదాలు?"

"బాగున్నాయి."

"కడు..."

"ఏం లేదు."

ప్రశ్న పూర్తవకముందే వచ్చింది జవాబు. తను కూడా ఆ మూడోదానికి అలాగే తొందరపడేది. ఇంకో అర క్షణం ఆగితే గొంతు పట్టిచ్చేస్తుందని. ఆమె టీ గ్లాసు చూసింది. ఆవిరి పోతోంది, ఆయన చెయ్యి దాని వైపు వెళ్ళడం లేదు. కిటికీలోంచి ఎండ ఆయన ముఖం మీద పడుతోంది. పెదాలు మెరుస్తున్నాయి. నూనె.

ఆమె వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్‌లోంచి గిన్నె తీసింది. "అక్కా, వేడి చెయ్యనా?" అని చిన్నకోడలు చెయ్యి చాచింది. ఆమె గిన్నె ఇవ్వలేదు. వెనక తలుపుని భుజంతో తోసింది. మొదటిసారి కదల్లేదు. రెండోసారి తోసేసరికి పక్కన ఇంకో భుజం ఆనింది, చిన్నకోడలిది. తలుపు కిర్రుమంటూ ఊడినట్టు తెరుచుకుంది.

పెరట్లో చెత్త పాతే గొయ్యి. గిన్నె బోర్లించి, గరిటెతో గీరి, పారతో తడిమట్టి లాగి కప్పింది. తలెత్తేసరికి వంటింటి కిటికీ ఊచల వెనక మామగారు నిలబడి ఉన్నాడు.

"ఎందుకు పారబోశావు? నాకేం లేదని చెప్పానుగా."

"చెప్పారు. నేనూ అలాగే చెప్పేదాన్ని."

వెనకనుంచి అత్తగారి చెయ్యి వచ్చి ఆయన భుజం మీద తువ్వాలు వేసింది. "మూతి తుడుచుకోండి. వియ్యాలవాళ్ళు చూస్తే నూనె తాగారనుకుంటారు."

ఆయన తుడుచుకోలేదు. తెగిన వేలున్న చేత్తో ఊచ పట్టుకున్నాడు. ఇంకెవరూ వినకూడదన్నట్టు, గడపలో నిలబడ్డ చిన్నకోడలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఇది మామూలుగా ఎంతసేపు ఉంటుంది?"

పదహారేళ్ళలో ఆయన తనకి జవాబు తెలియక ఆమెని అడిగిన మొదటి ప్రశ్న అది. పెద్దకోడలు పార గోడకి ఆనించి, కిటికీ దగ్గరికొచ్చింది.

"నాకైతే మధ్యాహ్నానికి తగ్గింది. మీ ఒళ్ళు ఎలాంటిదో నాకు తెలియదు. నీళ్ళు కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్దాం," అంది. ఆయన కళ్ళలోకి చూసి, "గంట గంటకీ అడుగుతాను. ఏం లేదు అని మాత్రం చెప్పకండి."